పిల్లలు కాదు, పిల్లలకు

ముదినేపల్లి దగ్గర మా నాన్న వరి పండించిన పొలం ఇప్పుడు మూడు చేపల చెరువులు. తమ్ముడు చూసుకుంటాడు. నేను గుడివాడలో ఉంటాను కాబట్టి చేపలు పట్టే రోజున ఫోన్ చేసి రమ్మంటాడు. గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీ వేయించి నన్ను కూర్చోబెట్టి తన పనిలో పడిపోతాడు. పత్రికలో ఉద్యోగం మానేసి ఏళ్లు గడిచినా, ఎవరేం మాట్లాడుకుంటున్నారో చెవి ఒగ్గి వినే అలవాటు నాకు పోలేదు. పోయిన నెల అలాగే కూర్చున్నాను. కొంచెం అవతల ఒకావిడ చీర మీద మగవాళ్ల పొడుగుచేతుల చొక్కా తొడుక్కుని, తలకి తువ్వాలు చుట్టుకుని ఫోన్లో ఎవరినో నిలదీస్తోంది. ఈసారి మా చేపలు కొన్నది ఆవిడేనని తమ్ముడు చెప్పాడు. ఐసు లారీ ఇంకా కైకలూరు దాటలేదట. "ఎండెక్కిందంటే వుయ్ లూజ్ అవుట్ సార్. మీకేం, మీరు ఇంకో చెరువు చూసుకుంటారు" అంది ఆవిడ. మాటలో కోపం లేదు. విషయం ఉన్నదున్నట్టు చెప్పినట్టుంది.

లూజ్ అవుట్ అన్న ఆ రెండు ముక్కలూ వినగానే నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. ముప్పై ఏళ్ల పైగా ఇంగ్లీషు వార్తల్ని తెలుగు చేసి బతికినదాన్ని. నన్ను తిప్పలు పెట్టిన మాటలు వందలున్నాయి, వాటిలో చాలావరకు మర్చిపోయాను. ఇదొక్కటి మర్చిపోలేదు. ఆవిడ పేరేమిటని తమ్ముణ్ణి అడిగితే నాంచారమ్మ అన్నాడు. ఊరు నాగాయలంక అవతల అన్నాడు. ఆ వైపు ఇంటికొక నాంచారమ్మ ఉంటుందని తెలిసి కూడా, ఫోన్ పెట్టేశాక దగ్గరికి వెళ్లి, మీ మామ్మ పేరు వీరమ్మా అని అడిగాను. ఆవిడ నన్ను కింది నుంచి పై దాకా చూసి, తువ్వాలు విప్పి, "పరాసుపేట రాజ్యమ్మగారి మేనకోడలు కదండీ మీరు. పేపరమ్మగారు" అంది.

ఆ పేరు నాకెలా వచ్చిందో చెప్పాలంటే బందరులో మా మేనత్త ఇంట్లోకి వెళ్లాలి. గుడివాడలో బీయే అయిపోయాక బందరులో ఒక చిన్న దినపత్రికలో నాకు పని దొరికింది. ఆడపిల్లకి పేపరాఫీసులో పనేమిటని మా నాన్న వారం రోజులు అన్నం దగ్గర మాట్లాడలేదు. చివరికి రాజ్యమత్త కబురు పెట్టింది, నా ఇంట్లో ఉండి వెళ్లొస్తుంది, పేజీలు సాయంత్రం దీపాలు పెట్టే వేళకి అయిపోతాయట, నీకేమిటి బాధ అని. అత్త మాటకి ఎదురు చెప్పడం మా ఇంట్లో లేదు. మావయ్య బతికున్న రోజుల్లో కోర్టులో ప్లీడరు గుమాస్తా. ఆయన పోయాక ఇంట్లో మిగిలినవి ఆయన వాలుకుర్చీ, వీపు చిరిగిపోతే గుడ్డ ముక్క అతికించిన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు, పేపరు చదివే అలవాటు. ఆ అలవాటు అత్త తీసుకుంది. మధ్యాహ్నం భోజనం అయ్యాక వాలుకుర్చీలో కూర్చుని ఆఖరి పేజీ నుంచి మొదటి పేజీకి చదివేది. పెద్ద వార్తలన్నీ మొదట చదివేస్తే తర్వాత చదవడానికి ఏముంటుందని ఆవిడ వాదన. నిఘంటువు నేను తీసుకున్నాను.

ఆ ఇంటికి వారం వారం మంగళవారం నాడు వీరమ్మ వచ్చేది. తెల్లారుజామునే ఊరి నుంచి పడవలో ఏటిపాయ దాటి, నాగాయలంకలో బస్సెక్కి, తలమీద ఎండుచేపల గంపతో పరాసుపేట మొదట్లో దిగేది. ఆవిడ సందు మలుపు తిరగకముందే ఎండు నెత్తళ్ల వాసన ఇంట్లోకి వచ్చేసేది. పక్కింటివాళ్లు కిటికీలు వేసుకునేవాళ్లు, అత్త తలుపులు బార్లా తెరిచేది. గంప దింపాక వీరమ్మ వెంటనే బేరం మొదలుపెట్టేది కాదు. గడప పక్కన కాళ్లు చాపుకుని కూర్చుని, అత్త ఇచ్చిన కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, ముందు మనవరాలి సంగతి చెప్పేది. పిల్ల తల్లిదండ్రులు సీజనంతా నిజాంపట్నం వైపు వేటకి వెళ్తారు. పిల్ల మామ్మ దగ్గరే ఉంటుంది. అయిదో తరగతి. చేపలు కట్టిన పేపరు ముక్క కనిపిస్తే మడత విప్పి, ఉప్పు దులిపి చదువుతుందట. ఆ బళ్లో పంతులుగారు గురుకుల పాఠశాల ప్రవేశపరీక్షకి పిల్ల చేత దరఖాస్తు పెట్టించారు. వచ్చే ఆదివారమే పరీక్ష, బందరులోనే. పాసైతే పదో తరగతి దాకా చదువూ భోజనమూ అన్నీ అక్కడే. తప్పితే మళ్లీ ఏడాదికి వయసు దాటిపోతుంది. శనివారమే పిల్లని తీసుకొచ్చి మా ఇంట్లో పడుకోబెట్టాలని, ఆదివారం పొద్దున నేను రిక్షాలో తీసుకెళ్లి పరీక్షకి కూర్చోబెట్టాలని ముగ్గురం మాట్లాడుకున్నాం. పిల్ల ఏం తింటుందని అత్త రెండుసార్లు అడిగింది.

ఆ గురువారమే నేను నా ఘనకార్యం చేశాను. మా పేజీల ఇన్‌ఛార్జి శేషగిరిగారు. చెవి మీద ఎర్ర పెన్సిలు, వ్యాకరణం తప్పితే ముఖంలో నొప్పి. వాక్యం మూడుసార్లు చదివాకే నిఘంటువు తెరవాలి అనేవారు. ఆ రోజు ఆయన బావమరిది పెళ్లికి గుడివాడ వెళ్లారు. ఎవరో అధికారి సమావేశంలో చేసిన ప్రకటన ఇంగ్లీషులో నా బల్ల మీద పడింది. చిల్డ్రన్ ఆఫ్ ది కోస్టల్ విలేజెస్ ఆర్ లూజింగ్ అవుట్ అని మొదటి వాక్యం. నేను మూడుసార్లు చదవలేదు. తిన్నగా మావయ్య నిఘంటువు తెరిచాను. లూజ్ అన్నదానికి అర్థాలు ఒక పేరా ఉన్నాయి, అవుట్ అన్నదానికి ఒకటిన్నర పేరా. రెండూ పక్కపక్కన నిలబడితే ఏమవుతుందో మాత్రం ఎక్కడా లేదు. పోగొట్టుకుంటున్నారు అని రాశాను, కొట్టేశాను. ఓడిపోతున్నారు అని రాశాను, అదీ కొట్టేశాను. అప్పుడొక ఊహ తట్టింది. పరీక్ష తప్పడం అంటాం, అవకాశం తప్పిపోయింది అంటాం. తప్పిపోవడమే సరైన మాట అనుకున్నాను, నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. "తీరగ్రామాల్లో తప్పిపోతున్న పిల్లలు" అని శీర్షిక పెట్టాను. తల్లిదండ్రులు జాగ్రత్త వహించాలని అధికారి కోరారు అని రెండో వాక్యం. గురుకుల సీట్లకి ఆ ఊళ్ల నుంచి దరఖాస్తులే రావడం లేదని, పరీక్షకి పిల్లల్ని తప్పక పంపాలని చెప్పే పేరా చివర్లో ఉంది. వ్యాపార ప్రకటన ఒకటి ఆలస్యంగా వస్తే చోటు కోసం ఆ చివరి పేరా తీసేశారు. నేను చూడలేదు.

శనివారం అత్త పప్పుచారు పెట్టి, పిల్లకని అప్పడాలు వేయించి ఉంచింది. బస్సు వచ్చే వేళకి నేను సెంటరు దాకా వెళ్లాను. మరో బస్సు దాకా ఉన్నాను. ఆదివారం పొద్దున పరీక్ష జరిగే బడి గేటు దగ్గర కూడా నిలబడ్డాను, తిన్నగా అక్కడికే వస్తారేమోనని. గేటు మూసేశారు. జ్వరమేదైనా వచ్చిందేమో అనుకున్నాం.

మంగళవారం వీరమ్మ మామూలుగానే వచ్చింది. పిల్లని తీసుకురాలేదేమని అత్త అడిగింది. "ఎట్టా తెస్తానమ్మా. పేపర్లో ఏశారంట గదా, మా వైపు పిల్లలు తప్పిపోతన్నారని. టీకొట్టు కాడ చదివి చెప్పారు. వాళ్లమ్మా నాన్నా వచ్చి పిల్లేదే అంటే నేనేం చెప్పను" అంది. అత్త లేచి, పాత పేపర్ల దొంతరలోంచి శుక్రవారం పేపరు తీసి, నిలబడే చదివింది. తర్వాత నా వైపు చూసింది. నేను తల ఊపాను. "నీ ఇంగ్లీషు సంగతి నాకు తెలీదే అమ్మాయ్. తెలుగైనా తెలిసి రాయొచ్చు కదా" అంది. అంతకంటే ఎక్కువ ఆవిడ ఎన్నడూ అనలేదు. నేను వీరమ్మ ఎదురుగా నేల మీద కూర్చుని, అది నేను రాసిందేనని, దాని అర్థం అది కాదని, ఏ పిల్లా ఎక్కడా తప్పిపోలేదని చెప్పాను. ఆవిడ కాఫీ గ్లాసు పక్కన పెట్టి శ్రద్ధగా విన్నది. "అయితే ఎవురి పిల్లలూ తప్పిపోలేదా అమ్మా" అని అడిగింది. లేదన్నాను. "మరి మంచిదే గదమ్మా" అంది, నిజంగా సంతోషించి. తిట్టి ఉంటే బాగుండేదని నాకు చాలా ఏళ్లు అనిపించింది.

ఆ తర్వాతి ఆదివారం నేను ఆ ఊరు వెళ్లాను. ఎందుకు వెళ్లానో నాకే సరిగ్గా తెలీదు. పిల్లకి ఒక మాట చెప్పాలనుకున్నాను, ఏ మాటో తెలీదు. బస్సు దిగి పడవ దాటాక, అటు ఇటు ఉప్పు పట్టిన నేల, దూరాన మడచెట్లు. వీరమ్మ ఇంటి ముందు మనవరాలు నాంచారమ్మ చాప మీద నెత్తళ్లు తిరగేస్తోంది. బక్కపల్చని పిల్ల, మోచేతుల దాకా పొలుసులు అంటుకుని మెరుస్తున్నాయి. నా వల్లే పరీక్ష పోయిందని చెప్తే ఏడుస్తుందనుకున్నాను. ఆ పిల్ల ఏడవలేదు. చేతులు గౌనుకి తుడుచుకుని, "అయితే ఆ ఇంగ్లీషు మాటకి అర్థం ఏంటండీ" అని అడిగింది. నష్టపోవడం లాంటిదన్నాను. "నేనేం నష్టపోయానండీ, నా దగ్గర ఏముందని" అంది. ఓడిపోవడం అనుకో అన్నాను. "పరీక్షే రాయలేదు గదండీ." పదేళ్ల పిల్ల ముందు నా బీయే నిలబడలేదు. చివరికి నిఘంటువు పక్కన పెట్టి మామూలుగా చెప్పాను. నీకు రావాల్సింది ఒకటుంది, అది నీకు రాలేదు, ఇంకెవరికో వెళ్లింది, అలాంటిది అన్నాను.

పిల్ల కాసేపు ఆలోచించి నన్ను రేవు దాటించి ఒడ్డుకి తీసుకెళ్లింది. అక్కడ ఊరివాళ్లు రెండు వరసలుగా నిలబడి అలివి వల లాగుతున్నారు. సముద్రంలో చుట్టు తిప్పి వేసిన పెద్ద వల అది, దాని రెండు తాళ్లూ ఒడ్డు మీది మనుషుల చేతుల్లో ఉంటాయి. తాడు పట్టిన ప్రతివాడికీ పడిన చేపలో వాటా ఉంటుంది. "మా నాన్నకి జ్వరమొచ్చి రాలేదనుకోండి, ఆ రోజు మాకు పాలు తప్పుద్ది. ఆయన చేసిన తప్పేం లేదు. వలలో చేపా తగ్గదు. మాకు రాదు, అంతే. మీ మాట అదేనండీ" అంది. పాలేమిటి అన్నాను నేను. తాగే పాలు కాదండీ, మా వాటా అని పిల్ల నవ్వి, వెళ్లి తాడు చివర తనూ ఒక చెయ్యి వేసింది.

తిరుగు బస్సులో నేను ఆ మాటనే తిరగేస్తూ కూర్చున్నాను. నేను వాడిన క్రియే ఆ పిల్లా వాడింది. తప్పు అన్నదే రెండు చోట్లా ఉంది. నేను పిల్లలు తప్పిపోతున్నారు అన్నాను. ఆ పిల్ల చెప్పినట్టయితే పిల్లలకు పాలు తప్పుతోంది అనాలి. ఇంగ్లీషు వాక్యంలో కర్తలు పిల్లలే, పని చేసేదీ వాళ్లే, పోగొట్టేదీ వాళ్లే అన్నట్టు ఉంటుంది. మనకి అలా కుదరదు. ఆకలి వేసినా, జ్వరం వచ్చినా, సీటు రాకపోయినా అవి మనకు జరుగుతాయి, మనం చేసేవి కావు. ఒక చిన్న 'కు' పడితే పిల్ల నేరం లేకుండా నిలబడుతుంది. పడకపోతే పిల్లే తప్పిపోతుంది. అన్ని వాక్యాలు రాసి, అన్ని మార్కులు తెచ్చుకుని, ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ చూసుకోలేదు. చలిచలిగా ఉన్న ఆ సాయంకాలం బస్సులో నాకు అవమానం కంటే ఆశ్చర్యమే ఎక్కువ కలిగింది. అలా కలిగినందుకు తర్వాత సిగ్గుపడ్డాను.

మర్నాడు సవరణ వార్త రాసి శేషగిరిగారి ముందు పెట్టాను. జరిగిందంతా చెప్పాను. సవరణ ఎవరూ చదవరమ్మా, కొత్త వార్తలాగే వేద్దాం అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. "తీరగ్రామాల పిల్లలకు పాలు తప్పుతోంది" అన్నది నా శీర్షిక. నేను లోపలి పేజీ పనికి వెళ్లాక ఆయన చెవి మీది ఎర్ర పెన్సిలు దిగింది. పాలు ఎప్పుడూ బహువచనమే కదా. తప్పుతోంది అన్నది కొట్టి తప్పుతున్నాయి అని దిద్దారు. వార్త లోపల వాటా అన్న మాట రెండుసార్లు వచ్చినా, ఆ ఒక్క దిద్దుబాటుతో శీర్షిక పాలకేంద్రం వైపు తిరిగిపోయింది. మరునాడు పేపరు చూసి నేను ఆయన బల్ల దగ్గరికి వెళ్తే, "వాటా అనే అర్థంలో ఏకవచనం... అవునమ్మా" అన్నారు. పెన్సిలు చెవి మీద పెట్టుకోవడానికి రెండుసార్లు ప్రయత్నించారు, అది జారిపోయింది. పక్షం తిరగకముందే వీరమ్మ వచ్చి చెప్పింది, ఎవరో అధికారులు పడవలో పాలపొడి పెట్టెలు దింపి వెళ్లారని. పిల్లలందరూ నెల రోజులు తాగారట. ఊళ్లో వాటికి పేపరు పాలని పేరు పెట్టారట. అత్త వాలుకుర్చీలో వెనక్కి వాలి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. తర్వాత ఆ కళ్లు తుడుచుకోవడం ఎంతకీ ఆపలేదు.

గురుకులం సీటు మాత్రం ఆ పిల్లకి మళ్లీ రాలేదు. వయసు దాటింది. నేను రెండు ఆఫీసుల చుట్టూ తిరిగాను, నిబంధనలు చూపించారు. పిల్ల నాగాయలంక హైస్కూలుకి పడవ దాటి వెళ్తోందని కొన్నాళ్లు వీరమ్మ చెప్పేది. తర్వాత నాకు విజయవాడ బదిలీ అయింది. అత్త పోయింది. పరాసుపేట ఇల్లు చేతులు మారింది. మంగళవారాలు కూడా మామూలు రోజులైపోయాయి.

చెరువు పని అయ్యాక నాంచారమ్మ గుడివాడలో మా ఇంటికి వచ్చింది, నేను రమ్మంటే. చొక్కా విప్పి భుజాన వేసుకుని, గడప పక్కన కాకుండా తిన్నగా సోఫాలో కూర్చుంది. హైస్కూలు పదో తరగతితో ఆగిందట. చేపల కంపెనీలో లెక్కలు రాసే పనికి చేరి, ఫోన్లలో వినీ వినీ ఇంగ్లీషు నేర్చుకుని, ఇప్పుడు తనే కొంటోంది. లారీ సమయానికి రాలేదా అని అడిగితే, వచ్చింది కానీ అప్పటికే మొదటి వల చేప మెత్తబడిందని చెప్పింది. ఇన్నాళ్లూ లోపల పెట్టుకున్నది నేను అప్పుడు అడిగాను, ఆ వార్త వల్లే కదా నీ చదువు అలా అయింది అని. ఆవిడ కాఫీ కప్పులోకి చూసింది. "మా మామ్మ భయపడిందో, నన్ను వదల్లేక భయం తెచ్చుకుందో నాకిప్పటికీ తెలీదండీ. మీ తప్పు కాదని నేనంటే మీకు బాగుంటుంది. కానీ గేటు దగ్గర మీరు నిలబడ్డారంట, మామ్మ చెప్పింది. నేనూ ఆ పొద్దున రేవులో నిలబడ్డానండీ, పడవ వెళ్లిపోయేదాకా" అంది.

తర్వాత ఆవిడే అడిగింది, ఆ మాటకి ఇప్పుడైనా నిఘంటువులో అర్థం ఉందా అని. ఇప్పుడు ఎవరూ నిఘంటువు తెరవరు, ఫోన్‌ని అడుగుతారు. నేనూ అడిగాను. రెప్పపాటులో నష్టపోవు అని వచ్చింది. అప్పట్లో మాకు అర్థం దొరకక తప్పులు రాసేవాళ్లం, ఇప్పుడు వెంటనే దొరుకుతుంది కాబట్టి మళ్లీ ఎవరూ అడగరు. రెండింటిలో ఏది నయమో తేల్చుకోలేకపోతున్నాను. నాంచారమ్మ ఫోను తెర చూసి తల అడ్డంగా ఊపింది. "ఉన్నది పోతే నష్టం. ఇది అది కాదు గదండీ" అంది, పదేళ్లప్పుడు అన్నట్టే.

లోపలికి వెళ్లి మావయ్య నిఘంటువు తెచ్చాను. వీపుకి అతికించిన గుడ్డ ముక్క ఇంకా ఉంది. లూజ్ అన్న పేరా పక్క ఖాళీలో రాద్దామని పెన్ను తీసుకుని, కళ్లజోడు కోసం వెతుక్కుంటుంటే, ఆవిడ నా చేతిలోంచి పెన్ను తీసుకుంది. పుస్తకం మోకాళ్ల మీద పెట్టుకుని నెమ్మదిగా రాసింది. నేను కళ్లజోడు పెట్టుకుని చూశాను. పాలు తప్పు అని ఉంది. దాని ముందు కొంచెం చోటు వదిలింది. అదెందుకని అడిగాను. "అక్కడ మనిషిని పెట్టుకోవాలండీ, ఎవరికి తప్పితే వాళ్లని" అంది. మళ్లీ పెన్ను వంచి ఆ ఖాళీకీ మాటకీ మధ్య 'కు' అని ఒక్క అక్షరం రాసి, ఆరేదాకా పేజీ మూయకండి అని పుస్తకం నాకు ఇచ్చింది.